ఇంజనీరమ్మ తాగని కాఫీ

గురువారం పొద్దున రుబా పెట్టుకున్న పని ఒక్కటే. గోడౌనుకు వెళ్లడం, అబూ హైసమ్ చేత సరే అనిపించడం, తిరిగి రావడం. పళ్లు తోముకుంటూ ఒకసారి, జర్కా రోడ్డు మీద కారు నడుపుతూ ఇంకోసారి ఆ సంభాషణంతా తనలో తనే అప్పజెప్పుకుంది. ఆయన ఏమంటే తానేమనాలో, ఆయన ఏమీ అనకపోతే తానేమనాలో కూడా సిద్ధం చేసుకుంది. ఆయన కాఫీ ఇస్తే ఏం చేయాలన్నది మాత్రం ఆమె ఆలోచనలోకి రాలేదు.

రుబా అమ్మాన్‌లో లబ్నె అనే గట్టి పెరుగు, జున్ను తయారుచేసే ఒక కంపెనీలో కంప్యూటర్ల విభాగానికి అధిపతి. ముప్పై ఏడేళ్ల మనిషి, పట్టుదల మాత్రం పదిమందికి సరిపడా ఉంది. రెండేళ్లు కష్టపడి ఒక కొత్త పద్ధతి తయారుచేసింది. ఏ దుకాణం ఏం అడిగింది, ఏ వ్యాను ఎప్పుడు బయలుదేరింది, ఇప్పుడెక్కడుంది, అన్నీ డ్రైవర్ల చేతిలోని ట్యాబ్లెట్లలో కనిపిస్తాయి. అంతవరకూ ఆ వివరాలన్నీ గోడౌను పెద్ద అబూ హైసమ్ బుర్రలో ఉండేవి. ఆయన ఫోనెత్తి అరిస్తే వ్యాన్లు కదిలేవి. ఆయనకు జ్వరమొస్తే సగం ఊరికి పొద్దున రొట్టెలోకి లబ్నె ఉండేది కాదు.

జనరల్ మేనేజరు మున్‌జిర్ గారు సంగతి ముందే తేల్చేశారు. వారాంతపు సెలవు అయ్యాక, ఆదివారం పొద్దున వ్యాన్లు కొత్త పద్ధతిలో బయలుదేరాలి. లేకపోతే ఆ పథకం అటకెక్కుతుంది, రుబా విభాగం అకౌంట్స్ వాళ్ల కిందకు పోతుంది. ఆ అకౌంట్స్ పెద్ద ప్రింటరు కాగితం వృథా గురించి పూటంతా మాట్లాడగలిగిన మనిషి. ఆయన కింద పనిచేయడం కన్నా ఇంట్లో కూర్చుని గుమ్మడి గింజలు ఒలుచుకోవడం నయమని రుబా ఎప్పుడో నిర్ణయించుకుంది.

అబూ హైసమ్ ఆ ట్యాబ్లెట్లను పలకలనేవాడు. ఎప్పుడో చిన్నప్పుడు బడి మానేశాక మళ్లీ పలక పట్టుకునే ఉద్దేశం తనకు లేదని చెప్పి పంపాడు. ఆయన కాదంటే డ్రైవర్లలో ఒక్కడు కూడా దాన్ని ముట్టుకోడు. అందుకే కంపెనీ రుబాను మృత సముద్రం ఒడ్డున ఒక హోటల్లో నాయకత్వ శిక్షణకు పంపింది. యంత్రాన్ని మార్చడం తేలికనీ, మనిషి దగ్గరికి మనమే నడిచి వెళ్లాలనీ, అతని చోటే కూర్చుని కళ్లలోకి చూస్తూ వినాలనీ అక్కడి మాస్టారు నూరిపోశాడు. రుబా ఒక్క ముక్క వదలకుండా వంటపట్టించుకుని వచ్చింది.

గోడౌనులో శీతల గది తలుపు పక్కన అబూ హైసమ్ బల్ల ఉంటుంది. ఎర్ర గళ్ల తలగుడ్డ, బూడిదరంగు మీసం, బల్ల మీద ఇత్తడి కాఫీ కూజా. రుబాను చూడగానే ఆయన లేచి నిలబడ్డాడు, కుర్చీ దులిపి వేశాడు, చిన్న కప్పులో చేదు కాఫీ పోసి స్వయంగా అందించాడు. మనిషికి పలకలంటే పడదు గానీ, గడప తొక్కినవాళ్లను గౌరవించడంలో ఆయనకు వంక పెట్టలేం.

రుబాకు చేతులు ఆడించకుండా మాట్లాడటం రాదు. కప్పు తీసుకుంది, మొదటి మాట అనడానికి నోరు తెరిచింది, చెయ్యి ఖాళీ చేసుకోవడానికి కప్పును అలాగే బల్ల మీద పెట్టేసింది.

అబూ హైసమ్ వెన్ను నిటారుగా అయింది. క్రేట్లు మోస్తున్న డ్రైవర్లు ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. వచ్చినవాళ్లు కాఫీ తాగకుండా కింద పెట్టారంటే, నాకో కోరిక ఉంది, అది తీరిస్తేనే నీ కాఫీ ముట్టుకుంటాను అని అర్థం. హత్యలు రాజీ చేసుకునే చోటా, పిల్లనడిగే చోటా అలా పెడతారు. ఇది రుబాకూ తెలుసు, ఆమె తాతకూ తెలుసు. కానీ ఆ క్షణంలో ఆమె బుర్ర నిండా మాస్టారి పాఠాలే ఉన్నాయి.

"కాఫీ తాగు ఇంజనీరమ్మా," అన్నాడు అబూ హైసమ్ గంభీరంగా. "నీకేం కావాలో అడుగు. కాదనను."

అప్పుడు ఆదివారం సంగతి అడిగి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. కానీ రుబా అప్పజెప్పుకున్న వరసలో మొదట వినడం ఉంది, అడగడం చాలా కిందెక్కడో ఉంది.

"ముందు మీరు చెప్పండి," అంది ఆమె, ఆయన కళ్లలోకి చూస్తూ. "నేను వినడానికే వచ్చాను."

అబూ హైసమ్‌కు దిక్కు తోచలేదు. కోరిక ఆమెదైతే చెప్పాల్సింది తనా? తన తప్పేదో తననే ఒప్పుకోమంటోందా? గతంలో ఆమెను ఏమైనా అన్నానా అని వెతుక్కోవడం మొదలుపెట్టాడు. అన్నవి చాలానే ఉన్నాయి, వాటిలో ఇది దేనికో తేల్చుకోలేకపోయాడు. రుబా కన్నార్పకుండా వింటోంది. ఆయన కన్నార్పకుండా ఆలోచిస్తున్నాడు. ఆ మౌనం అలా సాగుతుండగా ఆమె ఫోను మోగింది. సర్వర్లున్న గదిలో ఏసీ నుంచి నీళ్లు కారుతున్నాయని కబురు. రుబా ఒక్క ఉదుటున లేచి, మళ్లీ వస్తానని కూడా అనకుండా పరుగెత్తింది. కప్పు నిండుగా బల్ల మీదే ఉండిపోయింది.

మధ్యాహ్నానికి కంపెనీ అంతా గుప్పుమంది. ఇంజనీరమ్మ ఏదో పెద్ద కోరికే కోరిందనీ, అబూ హైసమ్ తీర్చలేకపోయాడనీ, ఆమె కాఫీ ముట్టకుండా లేచిపోయిందనీ డ్రైవర్లు ఊరంతా సరుకుతో పాటు పంచిపెట్టారు. ఇంటికొచ్చిన మనిషి కాఫీ వదిలేసి పోతే ఆ పరువు తక్కువ ఇంటివాడిది. అబూ హైసమ్ ఆ రోజు అన్నం ముట్టలేదు. ఆఖరి వ్యాను తిరిగి రాకముందే ఇంటికి వెళ్లిపోయాడు. తన ఉద్యోగంలో ఆయన ఎన్నడూ అలా చేయలేదు. డ్రైవర్లు తమకిచ్చిన ట్యాబ్లెట్లన్నీ తెచ్చి, రుబా గది గుమ్మం దగ్గర మర్యాదగా పేర్చి వెళ్లారు.

జరిగిందేమిటో రిసెప్షన్ అమ్మాయి చెప్పినప్పుడు గానీ రుబాకు తెలియలేదు. నుదురు కొట్టుకుంది. గోడౌనుకు పరుగెత్తింది, ఆయన లేడు. ఫోను చేసింది, ఆయన ఎత్తలేదు. పరువుకు సంబంధించిన మాట ఫోనులో తేల్చుకునే మనిషి కాదాయన. సరే, తప్పు చేసిన నాయకుడు దాన్ని నలుగురిలో ఒప్పుకోవాలని కూడా మాస్టారు చెప్పాడు కదా అని, గోడౌనులో జరిగినదానికి చింతిస్తున్నానంటూ కంపెనీలో అందరికీ ఈమెయిలు పంపింది. దాంతో ఆ సంగతి తెలియని నలుగురైదుగురికి కూడా తెలిసిపోయింది. ఏం జరిగిందో ఆమె అందులో రాయలేదు కాబట్టి, ఎవరికి తోచింది వాళ్లు ఊహించుకున్నారు.

మున్‌జిర్ గారు పిలిపించారు. "నాకు కథలొద్దు రుబా. ఆదివారం పొద్దున బళ్లు కదలాలి. లేకపోతే అకౌంట్స్ ఆయనకు నీ తాళాలు ఇచ్చెయ్," అన్నారు. ఆమె బయటికి వెళ్లగానే అబూ హైసమ్‌కు ఆయనే ఫోను చేసి, ఆ పిల్లతో తగువు పెద్దదికాకుండా చూసుకోమని చెప్పారు. ఆయన ఫోను మాత్రం అబూ హైసమ్ ఎత్తాడు. చూసుకోవడం అంటే ఎలా చూసుకోవాలో అబూ హైసమ్‌కు ఒక్క పద్ధతే తెలుసు. నేరుగా తమ వంశంలో పెద్దమనిషి షేక్ అబూ మిన్వర్ ఇంటికి వెళ్లాడు.

షేక్ అబూ మిన్వర్ నాలుగు జిల్లాల్లో రక్తపాతాలు ఆపిన మనిషి. ఒక కప్పు కాఫీ కోసం అంతవాడు కదలడం ఎక్కువేనని ఎవరికైనా అనిపిస్తుంది, అబూ హైసమ్‌కు అనిపించలేదు. పెద్దల్ని వెంటబెట్టుకుని ఆమె ఇంటికి వెళ్దామనీ, క్షమాపణ అడుగుదామనీ, పనిలో పనిగా తన గోడౌనును పలకల బారి నుంచి తప్పించమని కూడా అడుగుదామనీ బతిమాలాడు. షేక్ ఒప్పుకున్నాడు. రుబా తండ్రి పోయాక ఆ ఇంటికి పెద్దదిక్కు ఆమె పెదనాన్న అబూ షాహెర్. షేక్ ఆయనకు ఫోను చేసి, శుక్రవారం సాయంత్రం అసర్ నమాజు తర్వాత కొందరు పెద్దమనుషులతో వస్తున్నామని, వెంట అబూ హైసమ్ ఉంటాడని మాత్రమే చెప్పాడు. ఎందుకని అడగడం అబూ షాహెర్‌కు మర్యాద కాదు. అడక్కముందే చెప్పడం షేక్‌కు మర్యాద కాదు. మర్యాద తెలిసిన ఇద్దరూ ఫోను పెట్టేశారు.

అబూ షాహెర్ సైన్యంలో పనిచేసి రిటైరైనవాడు. లెక్క సూటిగా వేశాడు. అంత బరువైన మనుషులు ఒక ఇంటికి రెండింటికే వస్తారు, ప్రాణం పోయినప్పుడు, పిల్లను అడగడానికి. తమ ఇంట్లో ఈ మధ్య ఎవరూ ఎవర్నీ చంపలేదు. కాబట్టి రెండోదే.

ఈ కబురు వినగానే రుబా తల్లికి కాళ్లు నేల మీద ఆనలేదు. ఏళ్ల తరబడి అడిగినవాళ్లందరికీ, నా కూతురు కంప్యూటర్లనే కట్టుకుంది అని చెప్పి చెప్పి ఆమె నోరు నొప్పెట్టింది. అబూ అంటే తండ్రి, అబూ హైసమ్ అన్నాక హైసమ్ అనే కొడుకు ఉండి తీరాలి. రుబా పనిచేసే చోటే ఆ తండ్రి పనిచేస్తున్నాడంటే పిల్లను చూసే ఉంటాడు, నచ్చే ఉంటుంది. ఆమె అక్కాచెల్లెళ్లను పిలిపించింది, పెద్ద పళ్లెం కునాఫా మిఠాయి తెప్పించింది, వీధిలో కుర్చీలు వేయించింది. కుర్చీలు పడటంతో పక్క మేడల వాళ్లంతా బాల్కనీల్లోకి వచ్చారు.

ఇంత జరుగుతుంటే రుబా శుక్రవారం సెలవైనా ఆఫీసులోనే ఉంది. అబూ హైసమ్ ఇంటికి శనివారం తానే వెళ్లి కాళ్లావేళ్లా పడాలని అనుకుంది. ఆయన సరే అన్నా కాదన్నా ఆదివారానికి మాత్రం అంతా సిద్ధంగా ఉండాలని పట్టుబట్టి పొద్దుట్నుంచీ ఒక్కతే పరీక్షలు చేస్తోంది. సర్వర్లున్న గదిలో ఫోను అందదు. సాయంత్రం ఇల్లు చేరేసరికి వీధి నిండా కార్లున్నాయి. మెడలో నెట్‌వర్క్ తీగ చుట్ట వేసుకుని ఉన్న కూతుర్ని తల్లి వంటింట్లోకి లాక్కుపోయింది.

"ఎవరొచ్చారో తెలుసా? అబూ హైసమ్, షేకును వెంటబెట్టుకుని," అంది తల్లి. ఆమె కళ్లు మెరుస్తున్నాయి.

ఎందుకొచ్చారో, ఏమడుగుతారో రుబాకు ఒక్కసారిగా అర్థమైంది. "అమ్మా, వాళ్లు నాకోసం రాలేదు. గోడౌను కోసం వచ్చారు. పెదనాన్నను నోరు తెరవొద్దని చెప్పాలి, నన్ను పోనీ."

"పిలవకుండా పిల్ల బయటికి వెళ్తుందా? ముందా తీగ తియ్యవే, ఉరేసుకున్నట్టుంది," అంది తల్లి. ఇద్దరు పిన్నులు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు. పెళ్లి మాటనగానే కంగారుపడి గోడౌనంటున్న పిల్లను వాళ్లు అంతకు ముందు చూడలేదు, అయినా కంగారు ఎవరికైనా కంగారే కదా అని సర్దుకున్నారు.

ముందుగదిలో షేక్ అబూ మిన్వర్ కాఫీ కప్పును ముట్టకుండా ముందు పెట్టుకున్నాడు. గొంతు సవరించుకుని దేవుణ్ని స్తుతించాడు, ఆ ఇంటిని పొగిడాడు, ఆ వంశపు ముత్తాతల దగ్గరికి వచ్చాడు. ఆయన ప్రసంగాలు ముత్తాతల దగ్గర మొదలైతే ముగిసేసరికి దీపాలు పెట్టే వేళవుతుందని ప్రసిద్ధి. అబూ షాహెర్‌కు భయం పట్టుకుంది. ఈలోగా ఆ పిల్ల ఏం పేచీ పెడుతుందో తెలియదు. చెయ్యెత్తి ఆపాడు.

"షేక్ గారూ, మీ కాఫీ తాగండి. మీరు దేనికొచ్చారో అది ఇచ్చేశాం."

షేక్ తన జీవితంలో ఇంత తొందరగా ఎవరి దగ్గరా వరం పొందలేదు. "వినకుండానేనా?" అన్నాడు, సగం మిగిలిపోయిన ప్రసంగం మీది బెంగతో.

"మీరు వచ్చాక వినేదేముంది," అన్నాడు అబూ షాహెర్ దర్జాగా.

అందరూ కాఫీలు తాగారు. వంటింట్లోంచి పిన్నులు నాలుక ఆడిస్తూ వేసే పెళ్లి కేకలు లేచాయి. బాల్కనీల వాళ్లు అందుకున్నారు, వీధి చివరిదాకా పాకింది. గోడౌను విషయానికి ఆడవాళ్లు ఇంత సంబరపడటం అబూ హైసమ్‌కు వింతగా తోచింది. షేక్ పద్ధతి తప్పకూడదని, వచ్చిన పని రెండు ముక్కల్లో చెప్పాడు. అబూ హైసమ్ ఇచ్చిన కాఫీ తాగకుండా లేచిపోయేంత కోపం ఏదైనా ఉంటే అమ్మాయి దాన్ని మనసులో పెట్టుకోకూడదు. గోడౌనులోకి పలకలు రాకూడదు.

వంటింట్లో కేకలు ఇంకా సాగుతూనే ఉన్నాయి.

"గోడౌనా?" అన్నాడు అబూ షాహెర్. "మరి అబ్బాయి?"

"ఏ అబ్బాయి?"

"మీ హైసమ్."

"హైసమ్‌కు ఇద్దరు పిల్లలు కదా," అన్నాడు అబూ హైసమ్. అని, ఆగాడు. వంటింటి తలుపు వైపు చూశాడు, వీధిలోని కుర్చీల వైపు చూశాడు, కునాఫా పళ్లెం వైపు చూశాడు. మీసం కింద ఆయన నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది.

తలుపు వెనక రుబా తల్లి గ్యాసు బండ పక్కనున్న చిన్న పీట మీద కూలబడింది. ఏడవలేదు, కొంగుతో చేతులు తుడుచుకుంటూ ఉంది, ఆ చేతులు ఎప్పుడో ఆరిపోయాయి. రుబా అది చూసింది. తన పెళ్లి కాకపోవడం తనకెన్నడూ బాధ కాలేదు. అమ్మ ముఖం అలా అయిపోవడం మాత్రం భరించలేకపోయింది. రెండేళ్ల కష్టం పోయింది, విభాగం పోయింది, ఇప్పుడు అమ్మ పరువూ పోయింది, అదీ ఒక ఏసీ గొట్టం వల్ల. పిన్నులను చెరోవైపు తోసి, మెడలో తీగతోనే ముందుగదిలోకి నడిచింది.

"అబూ హైసమ్ గారూ, మీ కాఫీలో ఏ లోపమూ లేదు. నాకే కోరికా లేదు, కోపమూ లేదు. ఏసీ కారుతోందని ఫోనొస్తే పరుగెత్తాను. తప్పు నాది. దానికి మా అమ్మనెందుకు వీధిలో నిలబెట్టారు?"

ఒక ఏసీ కోసం రెండు రోజులు అన్నం మానేసిన మనిషి కోప్పడి ఉండాల్సింది. కానీ అబూ హైసమ్‌కు ముగ్గురు ఆడపిల్లలున్నారు. పెళ్లి కాని పిల్ల ఇంటి ముందు పెళ్లి కేకలు వేయించి, ఆ తర్వాత అబ్బే ఇది గోడౌను సంగతి అనడం ఏమిటో ఆయనకు ఎవరూ వివరించనక్కర్లేదు. లేచి నిలబడి తలగుడ్డ సర్దుకున్నాడు.

"ఆ కాఫీది చిన్న తప్పమ్మా. ఇది పెద్దది. ఏం చేస్తే తీరుతుందో చెప్పు," అన్నాడు.

అబూ షాహెర్ మధ్యలో దూరాడు. తమ ఇంట్లో మాట ఒకటేనని, ఇచ్చింది ఇచ్చినట్టేనని, గోడౌను గడప ఇక ఏ పలకా తొక్కదని ఛాతీ విరిచి ప్రకటించాడు. పెళ్లి తప్పిపోయినా దర్జా తప్పకూడదని ఆయన ఉద్దేశం. ఆ దర్జాతో మేనమామలూ బాబాయిలూ తలలూపుతుంటే, రుబా తన ఉద్యోగం కళ్ల ముందే జారిపోవడం చూసింది. చివరికి షేక్ అబూ మిన్వరే అడ్డుపడ్డాడు. మీరిచ్చింది మేం తీసుకున్నాం, తీసుకున్నదాన్ని మేం ఈ అమ్మాయికి ఇస్తున్నాం, ఇక అది ఈమెకూ అబూ హైసమ్‌కూ మధ్య సంగతి అన్నాడు. అబూ షాహెర్ విరిచిన ఛాతీ దించుకున్నాడు.

రుబా ఆదివారం మాట ఎత్తబోయి ఆగింది. ఎదురుగా నిలబడ్డ ముసలాయన ముఖం మొదటిసారి సరిగ్గా చూసింది. వినడం ఎలాగో ఆ హోటల్లో నేర్చుకుంది గానీ, ఈయనను ఇంతవరకూ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

"ఆ పలకంటే మీకెందుకంత కోపం?" అంది.

అబూ హైసమ్ నేల వైపు చూస్తూ చెప్పాడు. "ముప్పై ఏళ్లుగా ఏ బండి ఎక్కడుందో నన్నడిగేవాళ్లు. ఆదివారం నుంచి దాన్నడుగుతారు. ఇక నన్ను పలకరించేదెవరు?"

రెండేళ్లలో రుబా వేసుకున్న బొమ్మల్లో, బాణాల్లో, గడుల్లో ఈ మనిషికి చోటే లేదు. అది తన తప్పేనని ఆమెకు తెలిసింది, ఆయనతో ఆ మాటే చెప్పింది. తర్వాత ఆయన పక్కన కుర్చీలో కూర్చుని, ఆయన ఒప్పుకుంటే గానీ ఏ వ్యానూ గేటు దాటకుండా మారుస్తాననీ, ఏ దుకాణానికి ముందు వెళ్లాలో ఆయన చెప్పినట్టే పలక నడుచుకుంటుందనీ, రాత్రింబవళ్లు కూర్చునైనా రేపటికల్లా అది చేసి చూపిస్తాననీ చెప్పింది. ఆయన రెండు ప్రశ్నలు వేశాడు. రెండూ మంచి ప్రశ్నలే. ఒకదానికి ఆమె దగ్గర జవాబు లేదు, ఆ సంగతీ దాచలేదు.

"అయితే నాదీ ఒక షరతు," అంది రుబా లేస్తూ. గది కిక్కిరిసి ఉంది కాబట్టి గొంతు పెంచింది. ఉక్కగా ఉందని కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి. "ప్రతి బండీ గంటగంటకీ ఎక్కడుందో నాకు తెలియాలి. నేను ఫోను చేసి అడగను, దానంతటదే చెప్పాలి. ఇందులో మాత్రం నేను తగ్గను."

"తగ్గొద్దు. అలాగే కానియ్," అన్నాడు అబూ హైసమ్.

రుబా తల్లి పళ్లెం పట్టుకుని వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి గానీ నడక గట్టిగానే ఉంది. "పెళ్లికైతేనేం, పలకలకైతేనేం. చల్లారితే కునాఫా బాగోదు, తినండి," అంది. అబూ హైసమ్ రెండుసార్లు వేయించుకున్నాడు. రెండు రోజుల ఆకలి మరి.

ఆదివారం తెల్లవారుతూనే అబూ హైసమ్ కళ్లజోడు పెట్టుకుని, ఒక్క వేలితో, ఒక్కో బండికీ అనుమతి ఇచ్చాడు. రెండు బళ్లను డ్రైవర్ల గడ్డాలు బాగోలేవని కాసేపు ఆపాడు కూడా. మిగిలినవన్నీ వేళకే బయలుదేరాయి. మున్‌జిర్ గారు తెగ సంతోషించి, శిక్షణలో నేర్చుకున్న ఏ మెళకువ పనిచేసిందో రాసివ్వమన్నారు. రుబా కొత్త ఏసీ కోసం అర్జీ రాసిచ్చింది.

వీధిలో మాత్రం ఆ శుక్రవారం సంగతి వేరే రకంగా స్థిరపడిపోయింది. అబ్బాయి బండి గంటగంటకీ ఎక్కడుందో తనకు తెలియాలని అమ్మాయి పెద్దల ముందే షరతు పెట్టిందని, మామగారు కిక్కురుమనకుండా ఒప్పుకున్నాడని, అయినా సంబంధం ఎందుకో కుదరలేదని బాల్కనీల వాళ్లు చెప్పుకున్నారు. ఆ తర్వాత ఆ వీధిలో కుదిరిన రెండు పెళ్లిళ్లలోనూ ఆడపిల్ల తరఫువాళ్లు బంగారం కన్నా ముందు ఆ షరతే అడిగారు.